చివరి పుట ముందు చదివేవారు

పూర్వ విద్యార్థుల వార్తాలేఖ ఎట్లా ఉండాలి? బస్తర్ గనుల ఊళ్ళ నుండి చెదరిపోయినవారి అనుభవం చెప్పే పాఠాలు

నిరుడు వేసవిలో విజయనగరంలోని మా అన్నయ్య ఇంటికి తపాలాలో ఒక పలుచని పత్రిక వచ్చింది. పన్నెండు పుటలు. అట్టమీద ఒక పాఠశాల భవనం, దాని వెనుక ఎర్రని కొండ. అన్నయ్య కళ్ళజోడు పెట్టుకొని, ఆ బొమ్మను ఒకసారి చూచి, తిన్నగా చివరి పుట తెరిచాడు. మొదటి పుటలోని అధ్యక్షుల వారి సందేశాన్ని గాని, నడిమి పుటలలో వార్షికోత్సవం ఛాయాచిత్రాలను గాని ఆయన పట్టించుకోలేదు. చివరి పుటలో చిన్న అక్షరాలతో అచ్చయిన పేర్ల మీద వేలు కదుపుతూ పోయి ఒకచోట ఆగిపోయాడు.

"రేడియో పోయాడట, చూశావా? పదకొండు నెలలయింది" అన్నాడు.

"రేడియో" అనే ఆ మిత్రుడు, మా అన్నయ్య ఆరవ తరగతి నుండి పదవ తరగతి వరకు ఒకే బల్ల మీద కూర్చున్నారు. క్రికెట్ వ్యాఖ్యానాన్ని అచ్చంగా ఆకాశవాణిలో వచ్చినట్లే అనుకరించి చెప్పేవాడు గనుక అతనికి ఆ పేరు వచ్చింది. చదువు ముగిసిన తరువాత ఎవరి దారి వారిది. మిత్రుడు పోయినందుకు అన్నయ్య పడిన బాధ ఒక ఎత్తు. అతడు పదిహేనేళ్ళుగా శ్రీకాకుళంలోనే, అంటే గంటన్నర ప్రయాణ దూరంలోనే ఉన్నాడన్న సంగతి ఆ మరణవార్తతోనే తెలియడం మరొక ఎత్తు.

ఇందులో నా పాత్ర కూడా కొంత ఉన్నది. ఆ పత్రికలోని హిందీ భాగాలను తెలుగు చేసే పని కొంతకాలంగా నేను చేస్తున్నాను. ఆ మరణవార్త మూడు పంక్తులను అనువదించినది నేనే. పూర్తి పేరు, తండ్రి పేరు, తేదీ అన్నీ శ్రద్ధగానే తెలుగులో వ్రాశాను. అయినా ఆ వ్యక్తి ఎవరో నాకు తట్టలేదు. మా వీధి పిల్లలలో ఆయనను ఆ పేరుతో పిలిచినవారు లేరు. హాజరు పట్టీ చదివేటప్పుడు రోజూ ఆ పేరు విన్న అన్నయ్యకే అది గుర్తున్నది.

ఆ నాటి నుండి నన్నొక ప్రశ్న వెంటాడింది. ఒక పాఠశాల పూర్వ విద్యార్థులు ఒక పత్రికను ఎందుకు నడపాలి? నడిపితే అందులో ఏముండాలి?

ఊరు లేని ఊరివారు

దక్షిణ బస్తర్‌లో బైలడిల్లా కొండలున్నవి. దూరం నుండి చూస్తే ఎద్దు మూపురంలా కనిపిస్తాయి గనుక ఆ పేరు వచ్చిందంటారు. ఆ కొండల నిండా మేలురకం ఇనుప ఖనిజం. 1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో ఇక్కడి పద్నాలుగవ నిక్షేపంలో యంత్రాలతో తవ్వకం ప్రారంభించింది. 1977లో బచేలీ వైపు అయిదవ నిక్షేపంలో పని మొదలయింది. ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుండి జపానుకు చేర్చడానికి కొత్తవలస నుండి కిరండూల్ వరకు తూర్పు కనుమలను తొలచి సుమారు 445 కిలోమీటర్ల రైలుమార్గం వేశారు.

ఆ రైలు ఖనిజాన్ని ఇటు తెచ్చింది; మనుషులను అటు తీసుకొనిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు కిరండూల్, బచేలీ చేరాయి. వారి పొరుగిళ్ళలో మలయాళీలు, బెంగాలీలు, ఒడియావారు, బీహారీలు, రాయ్‌పూర్ వైపు నుండి వచ్చినవారు. కొండ దిగువ పల్లెలలో గోండీ మాట్లాడే ఆదివాసులు. పిల్లలందరూ చేరేది ఒకే బడిలో.

ఇటువంటి ఊళ్ళకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఇక్కడ ఇల్లు ఎవరి సొంతమూ కాదు. అది ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతో పోతుంది. తండ్రి పదవీ విరమణ చేసిన కొద్దికాలానికే క్వార్టర్ ఖాళీ చేయాలి. సామాను లారీ కొండ మలుపు దాటిన తరువాత ఆ కుటుంబం మళ్ళీ ఆ ఊరికి వెళ్ళడానికి కారణమే ఉండదు. అక్కడ పొలం లేదు, పాత ఇల్లు లేదు, తాతల సమాధులు లేవు. తల్లిదండ్రుల స్వగ్రామంలో ఆ పిల్లలు కొత్తవారు. పుట్టి పెరిగినచోట ఇక వారికి ఇల్లు లేదు. "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే ఒక క్షణం తడబడేవారు వీరే.

అటువంటివారికి మిగిలిన ఊరు ఒక్కటే: కలిసి చదువుకున్న మనుషులు. వారు కటక్‌లోను, కొల్లంలోను, హైదరాబాదులోను, టెక్సాస్‌లోను చెదరి ఉన్నారు. ఆ ఊరిని కాగితం మీదనైనా నిలపడమే వార్తాలేఖ చేయవలసిన పని.

కూత వేటు దూరం

బస్తర్‌లోనే ఇందుకు పూర్తిగా భిన్నమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. నారాయణపూర్, కొండగావ్ ప్రాంతాల మురియా ఆదివాసుల "ఘోటుల్" అనే యువజన సంస్థను గురించి చాలామంది విని ఉంటారు. వెరియర్ ఎల్విన్ 1947లో దానిపై ఒక పెద్ద గ్రంథమే వెలువరించాడు. పెళ్ళికాని యువతీ యువకులు సాయంకాలం అక్కడ చేరి, ఆటపాటలతో పాటు పనిపాటలు, కట్టుబాట్లు నేర్చుకొనేవారు. లోపల పదవులుండేవి, బాధ్యతలుండేవి. ఘోటుల్‌లో చేరినవారికి ఇంటిపేరుతో సంబంధం లేని ఒక కొత్త పేరు పెట్టేవారు. పెళ్ళి కాగానే సభ్యత్వం ముగిసేది.

ఈ సంస్థను గురించి బయటివారు వ్రాసిన రాతలలో చాలా భాగం కుతూహలంతో నిండినవి. మన ప్రస్తుత విషయానికి అవసరమైన సంగతి వేరు. ఘోటుల్ నుండి బయటికి వచ్చినవారికి ఏ వార్తాలేఖా అవసరం లేకపోయింది. తోటివారు అదే పల్లెలో, లేదా పక్క పల్లెలో, అంటే దాదాపు కూత వేటు దూరంలోనే ఉండేవారు. విత్తనాల పండుగకు, జాతరకు, పెళ్ళికి, చావుకు కలుసుకొనేవారు. ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరింట పంట పోయిందో ఒకరు చెప్పనక్కరలేకుండానే అందరికీ తెలిసేది.

మనుషులు కూత వేటు దూరం దాటిపోయినప్పుడే ఉత్తరం పుడుతుంది. కనుక వార్తాలేఖను పరీక్షించవలసిన గీటురాయి కూడా అదే. ఒకే పల్లెలో ఉండి ఉంటే ఒకరిని గురించి ఒకరికి ఏమేమి తెలిసి ఉండేదో, అది ఇందులో ఉన్నదా? ఒకే పల్లెలో ఉన్నవారు ఒకరికొకరు అధ్యక్షోపన్యాసాలు వినిపించుకోరు.

తరగతికొక లేఖకుడు

పూర్వ విద్యార్థుల పత్రికలకు అమెరికా పుట్టినిల్లు వంటిది. అక్కడి కళాశాలలలో గ్రీకు అక్షరాల పేర్లతో విద్యార్థి సోదర సంఘాలు ఉంటాయి. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టిన "ఫై బీటా కప్పా" వాటిలో మొదటిది. తరువాతి కాలంలో ఇటువంటి సంఘాలు ఊరూరా శాఖలుగా విస్తరించాయి. ఒక్కొక్క శాఖ ఒక ఇల్లు తీసుకొని, సభ్యులు కలిసి నివసించడం వాడుకయింది. చదువు ముగించి వెళ్ళినవారికి శాఖ విశేషాలు పంపడం శాఖ బాధ్యతలలో ఒకటి. ఒహాయోలో 1839లో ఏర్పడిన "బీటా థీటా పై" సంఘం 1872లో తన పత్రికను ప్రారంభించింది. అది నేటికీ వెలువడుతున్నది.

కళాశాలల విషయానికి వస్తే, 1821లో విలియమ్స్ కళాశాల పట్టభద్రులు తమ సంఘాన్ని స్థాపించుకొన్నారు. యేల్ విశ్వవిద్యాలయంవారు అంతకు ముందే, 1792లోనే, ఒక్కొక్క సంవత్సరం పట్టభద్రులను ఒక్కొక్క జట్టుగా చేసి, తోటివారి విశేషాలు సేకరించే పద్ధతిని ఆరంభించారు. 1891లో యేల్ పూర్వ విద్యార్థుల వారపత్రిక, 1900లో ప్రిన్స్‌టన్‌వారి వారపత్రిక వచ్చాయి. ఈ పత్రికలలో పెద్ద పెద్ద వ్యాసాలుంటాయి. కాని వాటికి ప్రాణం వంటిది వెనుక పుటలలో సంవత్సరాల వారీగా అచ్చయ్యే చిన్న చిన్న వార్తలు. ఫలానావారికి మనుమరాలు పుట్టింది, ఫలానావారు ఊరు మారారు, ఫలానావారు ఇక లేరు.

ఆ పద్ధతిలోని కీలకాన్ని మన సంఘాలు చాలావరకు గ్రహించలేదు. కేంద్రంలో కూర్చున్న సంపాదకుడు వెయ్యి మంది వార్తలను సేకరించలేడు. ముప్పయి, నలభై మంది ఉన్న ఒక తరగతిలో ఒక్కరికి ఆ పని అప్పగిస్తే అది సాధ్యమవుతుంది. ప్రతి తరగతిలోను అందరి సంగతులు ఎరిగినవారు ఒకరుంటారు. వారు తరగతిలో మొదటి మార్కు వచ్చినవారు కానక్కరలేదు. చాలాసార్లు కారు కూడా. పెళ్ళిళ్ళకు పిలవకపోయినా వెళ్ళేవారు, ఆసుపత్రికి కబురు చేయకముందే చేరేవారు. వార్తాలేఖకు అసలైన విలేఖరులు వారే. వారిని వెదికి, మూడు నెలలకొకసారి పది పంక్తులు వ్రాసి ఇవ్వమని అడగాలి. వ్రాయలేనివారైతే ఫోనులో చెప్పించుకొని మనమే వ్రాసుకోవాలి.

మొదటి పని పేర్ల పట్టిక

పత్రిక ఎంత బాగున్నా చేరవలసినవారికి చేరకపోతే ప్రయోజనం లేదు. అందుచేత అచ్చుకు ముందు చేయవలసినది పేర్ల పట్టిక. ఇది విసుగు పుట్టించే పనే. సగం సంఘాలు ఇక్కడే ఆగిపోతాయి.

పాఠశాలలోని ప్రవేశ రిజిస్టరు మొదటి ఆధారం. యాజమాన్యం అనుమతితో దాని నుండి సంవత్సరాల వారీగా పేర్లు వ్రాసుకోవాలి. ఆ తరువాత ఒక్కొక్క పేరు పక్కన అయిదు విషయాలు చేరాలి: చదివిన సంవత్సరాలు, అప్పటి ఇంటిపేరు, ఇప్పటి పేరు, బడిలో పిలిచిన పేరు, నేటి చిరునామా.

నడుమనున్న మూడింటి విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. ఆడపిల్లలకు పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది. తరగతిలోని నలుగురు లక్ష్ములలో ఏ లక్ష్మిని గురించి చెబుతున్నారో పుట్టింటి పేరు లేకుండా పోల్చుకోవడం కష్టం. 1976లో జగదల్‌పూర్ సమీపాన డిమ్రాపాల్‌లో ధరంపాల్ సైనీ ఆదివాసీ బాలికల కోసం ఆశ్రమ పాఠశాలను ప్రారంభించారు. ఆ కృషికి 1992లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఇటువంటి బడులలో చదివి అత్తవారిళ్ళకు వెళ్ళిన బాలికలను ఏళ్ళ తరువాత వెదకాలంటే పాత పేరు, పాత ఊరు తప్ప వేరే దారి లేదు. ఇక బడిలో పిలిచే పేర్లు ఎందుకు కావాలో "రేడియో" సంగతే చెబుతున్నది. అయితే ముద్దుపేరు వేరు, ఎగతాళి పేరు వేరు. శరీరాన్ని గాని, కులాన్ని గాని వెక్కిరించే పేరును, ఎంతమంది నవ్వుతూ గుర్తు చేసుకొన్నా, అచ్చు వేయరాదు. ఆ పేరు ధరించిన వ్యక్తిని అడిగి, వారు సరేనన్న తరువాతనే వేయాలి.

చిరునామాలు, ఫోను నంబర్ల విషయంలో మరొక జాగ్రత్త ఉన్నది. అవి పంపిణీ కోసం సంఘం వద్ద ఉండాలే గాని పత్రికలో బారులు తీరి అచ్చు కాకూడదు. వ్యక్తిగత సమాచార రక్షణకు మన దేశంలో 2023లో ప్రత్యేక చట్టమే వచ్చింది. చట్టం మాట అటుంచినా, ఒంటరిగా ఉంటున్న వృద్ధుని చిరునామాను వెయ్యి మందికి పంచడం మర్యాద కాదు. ఎవరైనా పాత మిత్రుని చిరునామా కోరితే, వారి ఉత్తరాన్ని ఆ మిత్రునికి సంఘమే పంపి, జవాబు వారి ఇష్టానికి వదలడం ఉత్తమం.

తిరిగి వచ్చిన కవర్లను పారవేయకూడదు. "చిరునామాదారు లేరు" అన్న ముద్రతో వచ్చిన ప్రతి కవరు ఒక మనిషి మన చేయి జారిపోతున్నాడన్న కబురు. ఆ పేర్లన్నీ తరువాతి సంచికలో ఒక చిన్న పట్టికగా వేసి, "వీరి ఆచూకీ ఎవరికైనా తెలుసునా?" అని అడగాలి. నేను అనువదించే పత్రికలో పాఠకుల నుండి ఎక్కువ జవాబులు వచ్చేది ఆ పట్టికకే.

గెలిచినవారి పత్రిక

పూర్వ విద్యార్థుల పత్రికలలో తరచు కనిపించే దోషం ఒకటి ఉన్నది. దానిని ఉద్దేశపూర్వకంగా ఎవరూ చేయరు. అందుకే దానిని పట్టుకోవడం కష్టం. ఏ సంచిక తిరగవేసినా కలెక్టరైనవారు, విదేశాలలో స్థిరపడినవారు, పెద్ద ఆసుపత్రి కట్టినవారు మాత్రమే కనిపిస్తారు. వారిని చూచి గర్వించడంలో తప్పులేదు. కాని ఆ పుటలు చదివే లారీ డ్రైవరు, కిరాణా కొట్టు పెట్టుకొన్నవాడు, పదవ తరగతి తప్పినవాడు, ఉద్యోగం పోయి ఇంట కూర్చున్నవాడు ఏమనుకొంటారు? "మనం చెప్పుకోవడానికి ఏమున్నది?" అనుకొంటారు. తరువాత చిరునామా మారినా తెలియజేయరు. ఆ తరువాతి కవరు తిరిగి వస్తుంది.

వార్తాలేఖ అవసరం ఎక్కువగా ఉన్నవారే ముందుగా దానికి దూరమవుతారు. "రేడియో" కుటుంబం నుండి తెలిసినదేమంటే, ఆయనకు పాత పత్రికలు రెండు అందాయి. వ్యాపారంలో నష్టపోయి ఉన్న రోజులవి. వాటిని చదివి లోపల పెట్టుకొన్నారట గాని సంఘానికి ఒక్క ముక్క వ్రాయలేదు. అందులో అన్నయ్యను గురించిన వార్త ఉండి ఉంటే ఆయన వ్రాసి ఉండేవారేమో. అన్నయ్య కూడా, చెప్పుకోదగ్గది ఏమీ లేదనుకొని, ఏనాడూ సంఘానికి ఏమీ పంపలేదు. ఇద్దరు మిత్రుల మధ్య అడ్డుగా నిలిచినది ఆ మొహమాటమే.

దీనికి విరుగుడు సంపాదకుడు అడిగే ప్రశ్నలో ఉన్నది. "మీ విజయాలను తెలియజేయండి" అని అడిగితే పది మంది వ్రాస్తారు. "ఇప్పుడు మీ ఇంటి కిటికీలోంచి చూస్తే ఏం కనిపిస్తుంది?", "మన బడి నుండి నేర్చుకొని నేటికీ చేస్తున్న పని ఏది?", "మీ దగ్గర మిగిలిన పాత ఛాయాచిత్రంలో ఎవరెవరున్నారు?" అని అడిగితే నూరు మంది వ్రాస్తారు. కలెక్టరుకు, కొట్టువాడికి ఒకే ప్రశ్న, ఒకే సంఖ్యలో పంక్తులు. వరుస అక్షరక్రమంలో ఉండాలి; హోదా క్రమంలో కాదు. హోదాలు అవసరమైతే పేరు తరువాత ఒక్క మాటలో చెప్పవచ్చును.

మరణవార్తలకు ఇంతకంటె ఎక్కువ శ్రద్ధ కావాలి. కుటుంబంలో ఒకరితో స్వయంగా మాట్లాడకుండా ఏ మరణాన్నీ ప్రకటించరాదు. పుకారును అచ్చు వేస్తే దిద్దుకోలేని గాయమవుతుంది. రూఢి అయిన వార్తను పత్రిక వచ్చేదాకా ఆపనూ కూడదు. తరగతి లేఖకుని ద్వారా వెంటనే ఫోనులో కబురు పోవాలి. పత్రికలో స్మృతి రావాలి. ఆ స్మృతిలో తేదీలు, పదవులు కొద్దిగా చాలు. కలిసి చదివిన ఒకరు వ్రాసిన నాలుగు వాక్యాలు ఉండాలి. ఆ కుటుంబం దాచుకొనేది వాటినే.

ఏ భాషలో, ఎవరి గొంతుతో?

బస్తర్‌లో భాష ప్రశ్న ప్రతిదానికీ అడ్డు తగులుతుంది. హల్బీ చాలాచోట్ల అందరినీ కలిపే భాష. గోండీ, భత్రీ, ధుర్వీ ఇళ్ళలో ఉన్నవి. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు, దోర్లీ వినిపిస్తాయి. బడిలో నేర్పేది హిందీ. బైలడిల్లా నుండి చెదరిన తెలుగువారిలో చాలామంది హిందీలో చదివి తెలుగులో మాట్లాడుకొనేవారే. వారి తల్లిదండ్రులకు హిందీ చదవడం రాదు. వారి పిల్లలకు తెలుగు చదవడం రాదు.

అన్ని భాషలలోను పూర్తి పత్రిక వేయడం ఏ చిన్న సంఘానికీ సాధ్యం కాదు. అనుభవం మీద తేలినదేమంటే, వచ్చిన ఉత్తరాన్ని వచ్చిన భాషలోనే ఉంచి, పక్కన మూడు నాలుగు వాక్యాలలో సారాంశం ఇవ్వడం మేలు. పేర్లు, తేదీలు, మరణవార్తలు మాత్రం అన్ని లిపులలోను ఉండాలి. అనువాదకులకు నేను చెప్పగలిగేది ఒక్కటే. ఉత్తరాన్ని ఉత్తరంగానే ఉంచండి. దానిని ఉపన్యాసంగా దిద్దకండి. "మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు" అని వ్రాసినవాడు "ధర్మపత్ని అనారోగ్యం" అనలేదు.

చదవడం, వ్రాయడం రానివారి మాట ఏమిటి? దీనికి జవాబు ఈ నేల మీదనే దొరికింది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి 2010లో "సీజీనెట్ స్వర" అనే ఏర్పాటును ప్రారంభించారు. పల్లెలోని మనిషి మామూలు ఫోనుతో ఒక నంబరుకు పిలిచి, తన సంగతిని తన భాషలో, గోండీలోనైనా సరే, చెప్పి నమోదు చేయవచ్చును. దానిని విని, నిజానిజాలు విచారించిన తరువాత అందరికీ వినిపించే ఏర్పాటు చేశారు. చేతిపంపు చెడిన సంగతి, కూలి డబ్బు అందని సంగతి ఆ దారిలో బయటికి వచ్చాయి. అందులో మనకు పనికివచ్చే పాఠాలు రెండు. చెప్పేవానికి కలం అవసరం లేకుండా చేయడం ఒకటి. విన్నదానిని సరిచూడకుండా ప్రకటించకపోవడం రెండవది. పూర్వ విద్యార్థుల సంఘం కూడా సభ్యుల గొంతును ఫోనులో తెప్పించుకొని, వ్రాసి, వారికే చదివి వినిపించి, ఆ తరువాత అచ్చు వేయవచ్చును.

డబ్బు, నియమం, కాలం

చందాల విషయాన్ని కొద్ది మాటలలో ముగించవచ్చును. ప్రతి సంచికలోను విరాళం అడిగే పత్రికను పాఠకులు అప్పులవాడి ఉత్తరంలాగా విప్పకుండా పక్కన పెడతారు. ఏడాదికి ఒక్కసారి, ఒక్క పనికి, ఇంత మొత్తమని చెప్పి అడగాలి. తరువాతి సంచికలో ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది, చేతిలో ఎంత మిగిలింది అన్న లెక్క వేయాలి. ఇచ్చినవారి పేర్లు వేసినా మొత్తాలు వేయకపోవడం మంచిది; వెయ్యి రూపాయలు ఇచ్చినవాడు లక్ష ఇచ్చినవాడి కింద చిన్నబోకూడదు. విదేశాలలో ఉన్నవారి విరాళాలకు చట్టం అడ్డు ఉన్నది. అక్కడి పౌరసత్వం తీసుకొన్నవారు ఇచ్చేది విదేశీ విరాళంగా లెక్కకు వస్తుంది. దానిని స్వీకరించాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి. భారత పౌరులుగానే ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపేది ఆ కోవలోకి రాదు. విజ్ఞప్తి అచ్చు వేసే ముందే ఈ భేదాన్ని ఆడిటరుతో మాట్లాడి తెలుసుకోవాలి.

పత్రికల నమోదుకు 1867 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2023 నాటి చట్టం 2024 మార్చి 1 నుండి అమలులో ఉన్నది. అది లోకవార్తలను, వాటిపై వ్యాఖ్యలను క్రమంగా ప్రచురించే పత్రికలకు సంబంధించినది. సభ్యుల యోగక్షేమాలకే పరిమితమైన వార్తాలేఖ రాజకీయాలలోకి, స్థానిక వివాదాలలోకి దిగకుండా ఉండడం చట్టం దృష్ట్యానే కాక స్నేహం దృష్ట్యా కూడా క్షేమం.

"అందరి చేతిలోను ఫోను ఉండగా ఈ కాగితం ఎందుకు?" అని యువకులు అడుగుతారు. ఫోనులోని బృందాల ఉపయోగాన్ని తక్కువ చేయనక్కరలేదు. ఒకరికి రక్తం కావలసివస్తే గంటలో పది మంది చేరుతున్నారంటే దాని చలవే. కాని అది పారే ఏరు. ఉదయం వచ్చిన మరణవార్త మధ్యాహ్నానికి పండుగ శుభాకాంక్షల కింద మునిగిపోతుంది. వార్తాలేఖ చెరువు వంటిది. కొద్ది నీరే అయినా నిలిచి ఉంటుంది. రెండూ ఉండాలి. ఏరు నుండి ఏది చెరువుకు మళ్ళించాలో చూసుకోవడమే నేటి సంపాదకుని పని.

పుటల సంఖ్య కంటె తేదీ ముఖ్యం. ఏడాదికి ముప్పయి రెండు పుటల ప్రత్యేక సంచిక ఒకటి వేసి అలసిపోవడం కంటె, మూడు నెలలకొకసారి నాలుగు పుటలు తప్పకుండా పంపడం మేలు. "రేడియో" మరణవార్త పదకొండు నెలలు ఆలస్యం కావడానికి ఎవరి నిర్లక్ష్యమూ కారణం కాదు. పత్రిక ఏడాదికి ఒకసారే రావడం కారణం.

బడి పోయినా

ఇంతవరకు నేను చెప్పినది బడి నిలిచి ఉన్న సందర్భాలను గురించి. బస్తర్‌లో అది కూడా అన్నిచోట్లా నిజం కాదు. 2005 తరువాత సల్వాజుడుం, మావోయిస్టుల మధ్య సాగిన హింసలో దక్షిణ బస్తర్‌లోని అనేక పల్లెలు ఖాళీ అయ్యాయి. ఎన్నో బడులు మూతపడ్డాయి; కొన్ని భవనాలు కూలిపోయాయి. వేలాది మంది గోదావరి తీరానికి, నాటి ఖమ్మం జిల్లా అడవులకు వలస వచ్చారు. 2011లో సుప్రీం కోర్టు సల్వాజుడుం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. తరువాత చాలా బడులు మళ్ళీ తెరుచుకొన్నాయి. కాని బడి మూతపడిన రోజున రెండవ తరగతిలో ఉన్న పిల్లవాడు నేడు పాతికేళ్ళు దాటిన మనిషి. అతని ప్రవేశ రిజిస్టరు ఎక్కడ ఉన్నదో, అసలు ఉన్నదో లేదో! ఆ బల్లల మీద పక్కన కూర్చున్నవారి జ్ఞాపకమే ఆ బడికి మిగిలిన దస్తావేజు.

అటువంటివారి వద్ద అచ్చు యంత్రం లేదు, నిధులు లేవు. ఒక నోటు పుస్తకం, పేర్లు గుర్తున్న ఒక మనిషి ఉంటే చాలు. ఎవరెవరు చదివారు, ఏ గురువు పాఠం చెప్పాడు, ఎవరు ఎక్కడ ఉన్నారు అని వ్రాసిపెట్టుకొంటే, అదే ఆ బడి పూర్వ విద్యార్థుల మొదటి సంచిక అవుతుంది.

ఇక మా అన్నయ్య సంగతి. నేను ఎన్నిమార్లు అడిగినా సంఘానికి ఒక్క అక్షరం పంపని మనిషి, ఆ వేసవి సాయంకాలం కాగితం తీసుకొని మిత్రుని గురించి పదిహేను పంక్తులు వ్రాశాడు. వర్షం పడి మైదానం బురద అయిన రోజున బడి అరుగు మీద నిలబడి, జరగని ఆటకు ఆ కుర్రవాడు గంటసేపు వ్యాఖ్యానం చెప్పిన వైనం వ్రాశాడు. దానిని నేను హిందీ చేశాను. సంఘంవారు రెండు భాషలలోను, చివరి పుటలో వేశారు. ఆ సంచికను శ్రీకాకుళంలోని ఆ కుటుంబానికి కూడా పంపారు.

రెండు వారాల తరువాత ఆయన కుమార్తె నుండి అన్నయ్యకు ఉత్తరం వచ్చింది. తండ్రి ఇంట్లో చాలా తక్కువ మాట్లాడేవారని, ఆయనను ఒకప్పుడు "రేడియో" అని పిలిచేవారని తమకెవ్వరికీ తెలియదని ఆమె వ్రాసింది. ఆ వ్యాఖ్యానంలో ఏ ఏ ఆటగాళ్ళ పేర్లు వచ్చాయో గుర్తుంటే చెప్పమని అడిగింది.

అన్నయ్య ఇప్పుడు తన తరగతికి లేఖకుడు. మూడు నెలలకొకసారి పది పంక్తులు పంపుతున్నాడు.